గెలుచుట వేరు, ఒప్పించుట వేరు

మన పూర్వులు వాదించుటను ఒక విద్యగా అభ్యసించినారు. గౌతముని న్యాయసూత్రములలో మాటల పోరు మూడు తెగలుగా విభజింపబడి ఉన్నది. సత్యము తెలుసుకొనవలెనను కోరికతో ఇద్దరు కూర్చుండి, ప్రమాణములు చూపుకొంటూ మాటాడుకొన్నచో అది వాదము. ఎట్లయినను గెలువవలెనను పట్టుదలతో ఎదుటివాని నోరు మూయింపబూనినచో అది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదుటివాని పక్షమును పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నచో అది వితండము. ఈ మూడింటిలో వితండము మాత్రమే పేరుతో సహా మన నాలుకపై నిలిచినది. మిగిలిన రెండింటికిని గల భేదమును మనము మరచిపోయినాము. అందుచేతనే నేడు వాదము అనగానే చాలమందికి కలహమే స్ఫురిస్తుంది. "వానితో వాదమెందుకయ్యా" అని పెద్దలు పిల్లలను వెనుకకు లాగుతారు.

శాస్త్రకారులు మరొక నియమమును గూడ పాటించినారు. తన సిద్ధాంతమును చెప్పబోవుటకు ముందు ఎదుటివాని పూర్వపక్షమును చెప్పవలెను. అదియు బలహీనముగా గాక, ఆ పక్షమువాడు స్వయముగా చెప్పినప్పుడు ఎంత బలముగా ఉండునో అంత బలముగా చెప్పవలెను. భాష్యగ్రంథములను తెరచి చూచినవారికి ఒక్కొక్కచోట ఆచార్యుడు ఏ పక్షమువాడో వెంటనే తెలియదు. ప్రతిపక్షమునకు అంతటి మర్యాద జరిగిన పిమ్మటనే ఖండనము మొదలవుతుంది.

ఇది గ్రంథములలోని మాట. లోకములో, పట్టుదలలును పదవులును పరువు ప్రతిష్ఠలును అడ్డము వచ్చుచోట, భిన్నాభిప్రాయము గలవానిని నిజముగా ఒప్పించుట సాధ్యమగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు తెలుగువారు దూరము పోనక్కరలేదు. ముప్పది సంవత్సరములకు పైగా సాగిన వ్యావహారిక భాషావివాదము మన కన్నుల యెదుటనే ఉన్నది. అది పుట్టినది పాఠశాలలో. దానివలన కష్టసుఖములు అనుభవించినవారు ఉపాధ్యాయులును విద్యార్థులును. ఆ వివాదమునకు నాయకుడైన గిడుగు వేంకట రామమూర్తిగారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదిని తెలుగు భాషా దినోత్సవముగా ఏటేట జరుపుకొంటున్నాము. ఆయన ఏమి చెప్పినారో ఆనాడు అందరును స్మరిస్తారు. ఎట్లు ఒప్పించినారో, ఎచ్చట ఒప్పింపలేకపోయినారో ఆలోచించువారు తక్కువ.

మొదట వివాదమేమో చూతము. పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినవి. ఆయన వచనము సొగసైనది; వ్యాకరణము సూత్రబద్ధమైనది. ఆ రెండును పాఠశాలలకు ఒరవడులైనవి. అయితే ఆ వ్యాకరణమునకు ఆధారము పూర్వకవుల పద్యకావ్యములలోని భాష. ఇంటిలో "వస్తున్నాడు" అను పిల్లవాడు పలకమీద "వచ్చుచున్నాఁడు" అని వ్రాయవలెను. "చేశాడు" అని చెప్పి "చేసెను" అని దిద్దుకొనవలెను. ఏ మాటలో అరసున్న ఉండునో, ఎచ్చట బండి ఱ వ్రాయవలెనో, ఎచ్చట సంధి నిత్యమో కంఠస్థము చేయవలెను. భావము ఎంత చక్కగా ఉన్నను, తల్లి నేర్పిన మాట కాగితముమీదికి వచ్చినచో అది తప్పుగా ఎర్రసిరాతో కొట్టివేయబడేది.

ఈ వింతను ప్రశ్నించి ఈ వివాదమునకు కారకుడైనవాడు తెలుగువాడు కాడు. ఉత్తర సర్కారులలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు, వాడుకలోని తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత దూరమెందుకని అడిగినాడు. విశాఖపట్టణములోని ఏ. వి. ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారుగా ఇద్దరిని చూపినారు. ఒకరు విజయనగరములోని గురజాడ అప్పారావుగారు. రెండవవారు ఆయన సహాధ్యాయి, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తిగారు.

రామమూర్తిగారు 1863లో వంశధార తీరమున పర్వతాలపేటలో జన్మించినారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. చేరువలోని శ్రీముఖలింగ దేవాలయములలో గల శాసనములను స్వయంకృషితో చదువ నేర్చినారు. కొండలలోని సవరల భాషను వారి నోటినుండియే నేర్చుకొని, లిపిలేని ఆ భాషకు వాచకములు వ్రాసి, వారికి బడులు పెట్టించినారు. ఆయన వ్రాసిన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. మన్యములో తిరుగునపుడు పట్టిన మలేరియా జ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయన వినికిడి దెబ్బతిన్నది. చెవి మందగించిన ఆ మనిషే, తెలుగువారు తమ నోటిమాటను తాము శ్రద్ధగా వినవలెనని చెప్పబూనినాడు.

ఇక పూర్వపక్షము. గ్రాంథిక పక్షమునకు నాయకులు జయంతి రామయ్య పంతులుగారు. 1911లో మదరాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించుటకు ముఖ్యులు ఆయన. వేదము వేంకటరాయ శాస్త్రిగారి వంటి మహాపండితులు ఆ పక్షమున నిలిచినారు. వీరు మూర్ఖులు గారు. పసిపిల్లల కష్టము పట్టనివారును గారు. వారి భయములు నాలుగు. ఒకటి: వాడుకభాష జిల్లాకొక తీరుగా ఉన్నది, దేనిని ప్రమాణముగా గైకొనవలెను? గ్రాంథికమొక్కటే తెలుగుదేశము నంతటిని కలిపి ఉంచుచున్నదిగదా. రెండు: నేటి పిల్లలు గ్రాంథికము వ్రాయుట మానినచో రేపు భారత భాగవతములను చదువలేరు. మూడు: నియమము లేని భాషలో గొప్ప రచన పుట్టదు. నాలుగు: నోటిమాట మారుచుండును, నేడు వ్రాసినది నూరేండ్ల తరువాత ఎవరికి అర్థమగును? ఈ నాలుగింటిలో ఒక్కటియు నవ్వి త్రోసివేయదగినది గాదు.

అయితే ఆరంభములో ఈ రెండు పక్షములు ఒకదానితో ఒకటి మాటాడుకొనలేదు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసరచన కావ్యభాషలో గాని ఆధునికభాషలో గాని ఉండవచ్చునను అనుమతి వచ్చుటతో పండితులలో కలవరము పుట్టినది. సభలు జరిగినవి, మహజర్లు పోయినవి. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రమును సమర్థిస్తూ ఒక విజ్ఞాపనము ప్రకటించినారు. ఆ సంవత్సరమే రామయ్య పంతులుగారు కావ్యభాషను సమర్థిస్తూ ఒక గ్రంథము ప్రకటించినారు. తెలుగు ఎట్లుండవలెనను ఈ వివాదమును ఇరువురును నడిపినది ఇంగ్లీషులో! ఎందుకనగా తీర్పు చెప్పవలసినవారు మదరాసులోని దొరలు, విశ్వవిద్యాలయములోని పెద్దలు. విశ్వవిద్యాలయము నియమించిన సంఘములో గురజాడ అప్పారావుగారి పక్షమునకు బలము చాలలేదు. 1914లో ఆయన తన అసమ్మతిపత్రమును సమర్పించి, 1915 నవంబరులో కన్నుమూసినారు. పరీక్షలో ఇచ్చిన స్వేచ్ఛయు ఎంతోకాలము నిలువలేదు.

ఈ ఘట్టమును గురించి రెండు పక్షములవారును గెలుపోటముల లెక్కయే వేసినారు. కాని ఇందులో ఒప్పించుటను గూర్చిన పాఠము ఒకటి ఉన్నది. మూడవవాడు న్యాయాధిపతిగా కూర్చున్నప్పుడు వాదులిద్దరును అతని ముఖమునే చూస్తారు. ఒకరి ముఖము ఒకరు చూడరు. ఎదుటివాని మాటలో నిజమెంత ఉన్నదను చింత పోయి, న్యాయాధిపతికి ఎట్లు కనపడుదునను చింత మిగులుతుంది. న్యాయసూత్రముల భాషలో చెప్పవలెనన్న, వాదము జల్పమైపోతుంది. ఒకవేళ ఆనాడు ప్రభుత్వము వ్యావహారికము వైపే తీర్పు చెప్పియుండినను, ఉత్తరువు పరీక్షాపత్రమును మార్చగలిగెడిదే గాని పండితుని మనస్సును మార్చగలిగెడిది గాదు. మనస్సు మారని పండితుడే మరునాడు బడిలో పాఠము చెప్పవలసియుండెను.

ప్రభుత్వద్వారము మూసుకొనిన పిమ్మట రామమూర్తిగారు మనుష్యుల ద్వారములను తట్టసాగినారు. అసలైన కార్యము అప్పుడే మొదలైనది. 1919 ఫిబ్రవరి 28వ తేదిని రాజమహేంద్రవరములో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినది. దానికి కార్యదర్శి రామమూర్తిగారు. అధ్యక్షులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఈ రెండవ పేరు తెలుగుదేశమును ఆశ్చర్యపరచినది. వీరేశలింగముగారు గ్రాంథిక వచనమునకు వన్నె తెచ్చినవారు. రాజశేఖరచరిత్రము వంటి గ్రంథములతో రెండు తరములకు వచనరచన నేర్పినవారు. అట్టివాడు డెబ్బది యేండ్ల వయస్సున, తాను జీవితమంతయు సాధన చేసిన మార్గము పిల్లలకు మేలుచేయదని ఒప్పుకొని ఈ సమాజమునకు పెద్దయైనాడు. మూడు నెలలు గడువకముందే, మే 27వ తేదిని ఆయన మరణించినారు. ఒప్పించినవాని సామర్థ్యము ఎంత గొప్పదో, ఒప్పుకొన్నవాని హృదయము అంత గొప్పది.

రామమూర్తిగారి పద్ధతిని పరిశీలించినచో నాలుగు సంగతులు కనబడుతవి.

మొదటిది, ఎదుటివారు మన్నించు ప్రమాణములతోనే ఆయన వాదించినారు. పండితునికి యేట్సు దొర అభిప్రాయము ప్రమాణము గాదు. పాశ్చాత్య భాషాశాస్త్రమును ప్రమాణము గాదు. అతనికి ప్రమాణము పూర్వకవుల ప్రయోగము, శాసనము, తాళపత్రము. రామమూర్తిగారు వానినే చేతబట్టినారు. వ్యాకరణము తప్పన్న రూపములు పెద్దకవుల గ్రంథములలోనే ఉన్నవని పుటలు తెరచి చూపినారు. పూర్వులు వచనము వ్రాసినప్పుడు, లేఖలలోను చరిత్రలలోను వాడుకమాటలనే వ్రాసినారని ఉదాహరణములు కూర్చి 1933లో గద్యచింతామణిని ప్రకటించినారు. సంప్రదాయమును కాదనుడని ఆయన పండితులను అడుగలేదు. సంప్రదాయమును పూర్తిగా చూడుడని అడిగినారు.

రెండవది, మాటకు గల అర్థమును తేటపరచినారు. ప్రతిపక్షులు వాడుకభాషను గ్రామ్యమని నిందించేవారు. గ్రామ్యమను ఆ ఒక్క మాటలో సగము వివాదము దాగియున్నది. గ్రామ్యము పనికిరాదని అందరును అంగీకరిస్తారు. కనుక వాడుకభాషకు ఆ పేరు అంటించినచో వాదము మొదలుకాకముందే ముగుస్తుంది. రామమూర్తిగారు తాను కోరునది శిష్టవ్యావహారికమని, అనగా చదువుకొన్న పెద్దమనుష్యులు సభలలోను ఇండ్లలోను మాటాడుకొను భాషయని, మరల మరల చెప్పినారు. ఆ పండితులు తమలో తాము శాస్త్రచర్చ చేయునపుడు మాటాడు తెలుగు అదియే. తాము నిందించుచున్నది తమ నోటిమాటనే అని తెలిసికొన్న తరువాత నింద కొనసాగించుట కష్టము.

మూడవది, ఎదుటివారు ప్రేమించుదానిని ఆయన లాగికొనలేదు. కావ్యములను పారవేయుడని రామమూర్తిగారు ఎన్నడును చెప్పలేదు. ఆయన కావ్యభాషను లోతుగా చదివినవాడు. ప్రాచీనకావ్యములను చదివి ఆనందింపుడు. నేటి వచనమును నేటి భాషలో వ్రాయుడు అనుటయే ఆయన కోరిక. భారత భాగవతములు దూరమగునను పండితుని భయమునకు ఇదియే తగిన సమాధానము. మనిషి తాను ప్రాణప్రదముగా చూచుకొనునది పోవునేమో అని భయపడుచున్నంతకాలము ఎంతటి హేతువును అతని చెవికెక్కదు. ఆ భయము తీరిన పిమ్మటనే అతడు వినగలుగుతాడు.

నాలుగవది, ఆయన ప్రతిపక్షుల సభలకే పోయినారు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సమావేశములో నాలుగు గంటలసేపు ప్రసంగించి, గ్రంథములనుండి ప్రయోగములను చూపి, కాదనువారిని సమాధానము చెప్పుడని కోరినారు. తనవారి సభలో చప్పట్లు కొట్టించుకొనుట సులభము. దానివలన పెరుగునది మన ఉత్సాహమే గాని మన పక్షము గాదు. ఆ పరిషత్తు అంతకు ముందే, 1924లో, వ్యావహారిక భాషపై తన నిషేధమును తొలగించుకొనినది.

ఫలితము వెంటనే రాలేదు. 1919లో ఆయన మొదలుపెట్టిన తెలుగు అను మాసపత్రిక ఏడాదికే నిలిచిపోయినది. అయినను ఒకరొకరుగా మనుష్యులు మారసాగినారు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారు వైదిక కుటుంబములో పుట్టి, సంస్కృతము చదివి, మొదట గ్రాంథికములో వ్రాసినవారు. తరువాత వారి కథలే వాడుకతెలుగు సొగసుకు నిదర్శనములైనవి. శతావధానులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ కథలు–గాథలును ఎదుట కూర్చుండి మాటాడుచున్నట్లే వ్రాసినారు. పర్లాకిమిడిలో రామమూర్తిగారి శిష్యులైన తాపీ ధర్మారావుగారు జనవాణి పత్రికను వాడుకభాషలో నడిపినారు. నియమములేని భాషలో గొప్ప రచన పుట్టదను మూడవ భయమునకు సమాధానము చెప్పినవి వాదములు గావు, ఇట్టి రచనలు. వీరిలో ఎవరును సభావేదికమీద ఓడి మారినవారు గారు. తమ యింట, తమ వ్రాతబల్ల యెదుట, తమ కలముతో పరీక్షించుకొని మారినవారు.

అయితే రామమూర్తిగారి పద్ధతిలో ముల్లును లేకపోలేదు. గ్రాంథికము సహజమైన భాష కాదు గనుక దానిని ఎవ్వరును తప్పులేకుండ వ్రాయలేరని నిరూపించుటకు, ఆయన పండితుల రచనలనుండియే తప్పులు ఏరి పేర్లతో సహా ప్రకటించేవారు. హేతువుగా చూచినచో ఇది తిరుగులేని ఆయుధము. నియమము చేసినవారే దానిని నిలుపుకొనలేనపుడు పదేండ్ల బాలుని శిక్షించుట ఏమి న్యాయము? కాని సభలో తన తప్పును చదువగా విన్న మనిషికి ఆ న్యాయము కనబడదు. తన తలవంపే కనబడుతుంది. 1933లో ఆయన ప్రకటించిన ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అను గ్రంథము పేరులోనే వెక్కిరింత ఉన్నది. చదివినవారు నవ్వుకొన్నారు. నవ్వులపాలైన పండితుడు మాత్రము ఆ నవ్వువలన మనస్సు మార్చుకొనియుండునని నమ్ముట కష్టము. హేతువు తలుపు తెరచినచోట పరిహాసము మరల గడియ వేయగలదు.

జయంతి రామయ్య పంతులుగారు తమ మతమును విడువలేదు. ఆలోచించినచో ఇరువురికిని గల సమానధర్మములు తక్కువ గావు. ఇరువురును పూర్వకావ్యములను ప్రేమించినవారు. ఇరువురును శాసనములు చదివినవారు. యుద్ధమల్లుని బెజవాడ శాసనమును పరిష్కరించి ప్రకటించినది రామయ్య పంతులుగారే. పరిషత్తు పక్షమున ఆయన నడిపిన సూర్యరాయాంధ్ర నిఘంటువును, పాతమాటకు అర్థము కావలసినవారందరును, వాడుకభాషలో వ్రాయువారు సహితము, నేటికిని తెరచి చూస్తున్నారు. ఓడిన పక్షము చేసిన పని గెలిచిన పక్షమునకు ఉపకరించుచున్నది. మాండలికములలో దేనిని ప్రమాణము చేయవలెనను వారి మొదటి ప్రశ్నయు చావలేదు. కొన్ని జిల్లాల పలుకే శిష్టమని చలామణి అయినదనియు, తెలంగాణపు పలుకునకును, రాయలసీమ, ఉత్తరాంధ్రముల పలుకులకును తగిన స్థానము దక్కలేదనియు తరువాతి తరములవారు బలముగా అడిగినారు. ప్రతిపక్షుని ప్రశ్నను పూర్తిగా విననిచో, అది మరియొకరి నోట మరల పుడుతుంది.

1940 జనవరి 15వ తేదిని రామమూర్తిగారు మదరాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులను ఉద్దేశించి మాటాడినారు. ఆనాటికి ఆయన వయస్సు డెబ్బదియారు. అప్పటికిని పత్రికలు చాలవరకు గ్రాంథికమునే పట్టుకొని ఉండినవి. తన పక్షమునకు ఎందరో పెద్దలు వచ్చినారను తృప్తితో ఆయన ఊరకుండలేదు. ఇంకను రానివారి వద్దకే పోయి విన్నవించుకొనినారు. వారము దినములకు, జనవరి 22న, ఆయన తనువు చాలించినారు. తరువాతి దశాబ్దములలో పత్రికలును పాఠ్యపుస్తకములును విశ్వవిద్యాలయములును క్రమముగా ఆయన కోరిన త్రోవకే వచ్చినవి.

పాఠశాలలలో నేడు వక్తృత్వపు పోటీలు జరుగుతున్నవి. గట్టిగా మాటాడినవానికి, ఎదుటివానిని నిరుత్తరుని చేసినవానికి బహుమతి ఇస్తున్నాము. అది జల్పమునకు ఇచ్చు బహుమతి. ఉపాధ్యాయులు దానితోపాటు మరొక అభ్యాసమును గూడ చేయించవచ్చును. ప్రతి విద్యార్థియు మొదట ఎదుటివాని పక్షమును చెప్పవలెను. ఆ ఎదుటివాడు "అవును, నేననునది ఇదే" అని ఒప్పుకొనువరకు చెప్పవలెను. ఆ పిమ్మట తన పక్షమును, ఎదుటివాడు మన్నించు ప్రమాణముతో చెప్పవలెను. అతని పొరపాటును ఎత్తి చూపవలసివచ్చినచో నలుగురిలో గాక ఒంటరిగా చూపవలెను. అంతటితో ఆగి, అతనికి కొంత గడువు ఇవ్వవలెను. ఆ గంటలోనే అతడు మారకపోవచ్చును. వీరేశలింగముగారంతటివారు మారుటకు డెబ్బది యేండ్లు వచ్చినవి. ఇంటికిపోయి, తనలో తాను తర్కించుకొని, ఎవరును బలవంతపెట్టకుండ ఏనాటికైన మారినవాడు, ఆ మార్పును తనదిగా కాపాడుకొంటాడు.